కొత్త దేశం, పరాయి కళ్ళు: బానిసల అమెరికాను చూసి రాసిన యాత్రికుల మాట ఎంతవరకు చెల్లుతుంది?

పాతపుటలు (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం.

రెండు నెలలుగా నేను 1820 నుంచి 1860 వరకు యూరప్ నుంచి అమెరికా వెళ్ళివచ్చినవారు రాసిన యాత్రాగ్రంథాలను ఒకటొకటిగా చదువుతున్నాను. మన ఏనుగుల వీరాస్వామి గారు కాశీయాత్రలో ఉండి చెన్నపట్నంలోని మిత్రునికి ఉత్తరాలు రాస్తున్న 1831లోనే అలెక్సీ ద తోక్విల్ అనే పాతికేళ్ళ ఫ్రెంచి యువకుడు జైళ్ళను పరిశీలించే పని మీద న్యూయార్కులో దిగాడు. అంతకు నాలుగేళ్ళ ముందు ఇంగ్లీషు రచయిత్రి ఫ్రాన్సెస్ ట్రాలప్ మిసిసిపీ నది ముఖద్వారం గుండా ఆ దేశంలో అడుగుపెట్టింది. ఇంగ్లండు నుంచే 1834లో రచయిత్రి హ్యారియట్ మార్టినో, 1842లో నవలాకారుడు చార్లెస్ డికెన్స్ వచ్చారు. అప్పటికి ఆ దేశం పుట్టి నిండా డెబ్బై ఏళ్ళు కూడా కాలేదు. "మనుషులందరూ సమానులుగా సృష్టించబడ్డారు" అని చాటుకొని పుట్టిన దేశంలో 1790 జనగణన నాటికి సుమారు 7 లక్షల మంది బానిసలు ఉంటే, 1830 నాటికి ఆ సంఖ్య 20 లక్షలు దాటింది.

నన్ను ఆపేసిన ఒక ఘట్టాన్ని చెప్పి నా ప్రశ్న అడుగుతాను. దక్షిణాదిలో ఒక చిన్న భూస్వామి కుటుంబం మధ్య ట్రాలప్ ఉన్నప్పుడు, ఎనిమిదేళ్ళ బానిస పిల్ల ఒకతె వెన్న రాసిన బిస్కెట్టు కనబడితే ఆశపడి తినేసింది. అది ఎలుకల కోసం పాషాణం కలిపి పెట్టినది. ట్రాలప్ గబగబా ఆవపొడి నీళ్ళలో కలిపి, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకొని తాగించి, వాంతి చేయించి, మూతి తుడిచింది. ఆ ఇంటి అమ్మాయి అది చూసి నవ్వుతూ, రెండు వందల డాలర్లు ఇచ్చినా తానైతే ఆ మూతిని ముట్టుకోనని అన్నదట. కాసేపటికి పిల్ల ఎలా ఉందో కనుక్కుందామని వెళితే, ఆ బిస్కెట్టును అజాగ్రత్తగా వదిలేసిన మరో అమ్మాయి, వైద్యుడికి కబురు చేశామని చెప్పి నవ్వు ఆపుకోలేకపోయిందట. వాళ్ళు క్రూరులని ట్రాలప్ రాయలేదు. ఆ పిల్ల కోసం బాధపడడమన్నది, కసాయి కోసిన దూడ కోసం ఏడవడం ఎంత అసంబద్ధమో వాళ్ళకు అంత అసంబద్ధంగా తోచిందని రాసింది.

ఆ ఇంట్లో పుట్టి పెరిగినవారెవరూ ఈ సంగతిని కాగితం మీద పెట్టి ఉండరు. అయితే బయటివారి కన్ను చూసిందంతా నిజమేనా? ఈ గ్రంథాలను చరిత్రకు ఆధారంగా ఎంతవరకు తీసుకోవచ్చు? పెద్దలు తమ అభిప్రాయం చెప్పగలరు.

గోదావరిగట్టు

పాతపుటలు గారూ, మీరు చెప్పిన ఘట్టం చదివి మనసు కలుక్కుమంది. కానీ ఈ యాత్రికుల పట్ల నాకు మొదటి నుంచీ అనుమానమే. ట్రాలప్ సిన్సినాటిలో డబ్బు సంపాదించాలని వ్యాపారం పెట్టి, అది మునిగిపోయి, అప్పులతో ఇంగ్లండు చేరి, 1832లో ఆ పుస్తకం వేసింది. అమెరికన్లు బల్ల దగ్గర ఎలా తింటారు, ఎక్కడ ఉమ్మేస్తారు అన్నవి అందులో బానిసత్వం కంటే ఎక్కువ పుటలు ఆక్రమించాయి. ప్రజాస్వామ్యం మీద వెటకారానికి బానిస ఒక పనిముట్టు అయ్యాడేమోనని నా సందేహం.

అసలు ఇంగ్లండువారికి ఆ నైతిక హక్కు ఎక్కడిది? కరీబియన్ చెరకు తోటల్లో వారి సొంత బానిసత్వం చట్టప్రకారం ముగిసింది 1834 ఆగస్టు 1న. అప్పుడు 2 కోట్ల పౌండ్ల నష్టపరిహారం ఇచ్చారు, అది యజమానులకు! బానిసలకు ఒక్క పెన్నీ దక్కలేదు సరికదా, 1838 వరకు "శిక్షణ" పేరుతో వారిచేత అదే యజమానుల దగ్గర జీతం లేని చాకిరీ చేయించారు. తమ వలస రాజ్యాల్లోని చెరకు తోటలకు కూలీలు చాలకపోతే మన దేశం మీద పడ్డారు. కోరంగి రేవు నుంచి మారిషస్‌కు ఓడలెక్కిన మనవాళ్ళ కథ ఇక్కడ చాలామందికి తెలుసు. ఇంత జరుగుతుండగా తన ఇంటి దూలాన్ని చూడకుండా ఎదురింటి నలుసును ఎత్తిచూపే పుస్తకాన్ని నేను జాగ్రత్తగానే చదువుతాను.

అనువాదకురాలు

నేను చరిత్ర విద్యార్థిని కాను, అనువాదం చేసుకొని బతుకుతున్నదాన్ని. అందుకే ఈ పుస్తకాల్లో నాకు మొదట కనబడేది మాటల విషయం.

బానిసత్వం లేని ఒహాయో వంటి స్వేచ్ఛా రాష్ట్రాల్లో ఇంటి పనికి కుదిరే తెల్ల అమ్మాయిని "సర్వెంట్" అనడం రాజద్రోహం కన్నా పెద్ద నేరమన్నట్టు చూస్తారని ట్రాలప్ రాసింది. ఆమెను "హెల్ప్" అనాలి, అంటే సాయానికి వచ్చిన మనిషి. అదే వర్జీనియాకు వెళితే ఎవరూ తమ బానిసను "స్లేవ్" అని నోరారా పిలవరు. అక్కడ మర్యాదస్తుల నోట బానిసకు వాడే మాట ఈ "సర్వెంట్" అన్నదే! జీతానికి వచ్చిన మనిషి ఏ మాటను అవమానంగా భావించిందో, కొనుక్కున్న మనిషిని కప్పిపుచ్చడానికి అదే మాట గౌరవమైన ముసుగుగా పనికొచ్చింది. ఇంకా లోతుకు వెళితే, 1787లో రాసుకున్న వారి రాజ్యాంగంలో "బానిస" అన్న మాటే లేదు. ప్రతినిధుల సంఖ్య తేల్చేటప్పుడు బానిసలను ఐదింట మూడు వంతులుగా లెక్కగట్టిన నిబంధన కూడా "ఇతర వ్యక్తులందరూ" అని దాటేస్తుంది.

దీన్ని తెలుగు చేయడం ఎంత కష్టమో ఆలోచించండి. "పనిమనిషి" అంటే బానిస కనబడకుండా పోతాడు. "దాసి" అంటే పురాణం వాసన వేస్తుంది. "బానిస" అంటే ఆ యజమానురాలు నోటితో అనని మాటను నేను ఆమె నోట పెట్టినట్టవుతుంది. చివరికి నేను సంభాషణల్లో "మా ఇంటి మనిషి" అని పెట్టి, కథనంలో "బానిస" అని వాడుతున్నాను. ఆ రెంటి మధ్య ఉన్న ఎడమే ఆ దేశపు అబద్ధమని నా నమ్మకం. ఈ ఎడం బయటివారికే ఎందుకు వినబడిందంటే, ఆ మాటలు వారి చెవికి ఇంకా అలవాటు కాలేదు.

ఒహాయో ఒడ్డు

నేను తొమ్మిదేళ్ళుగా సిన్సినాటిలో ఉంటున్న తెలుగువాణ్ణి. సాయంత్రం నడకకు వెళ్ళే చోటు నుంచి చూస్తే నదికి అటుపక్క కెంటకీ. మధ్యలో ఉన్నది మన గోదావరి ముందు చిన్నదనిపించే ఒహాయో నది. తోక్విల్ ఈ నది మీద పడవలో వస్తూ రాసిన పోలిక చాలా ప్రసిద్ధం. ఎడమ ఒడ్డున కెంటకీలో జనం పలుచన, సగం బీడుపడిన పొలాల్లో అక్కడక్కడా బానిసల గుంపులు. కుడి ఒడ్డున ఒహాయోలో ఎటు చూసినా పని చప్పుడు, నిండు పంటలు, తీరైన ఇళ్ళు. నేల ఒకటే, గాలి ఒకటే, తేడా ఒక్క బానిసత్వమేనని ఆయన తేల్చాడు.

ఈ ఊరి మ్యూజియంలో బానిసత్వ చరిత్రకు సంబంధించిన ఒక దుంగల కొట్టు ఉంది. కెంటకీలోని మేసన్ కౌంటీలో బానిస వ్యాపారి ఒకడు మనుషులను దక్షిణానికి తోలే ముందు కట్టిపడేసి ఉంచిన కొట్టును విప్పి తెచ్చి, ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు. లోపలికి వెళ్ళి తలెత్తి చూస్తే పై అంతస్తు దూలానికి ఇనుప కడియాలు బిగించి ఉన్నాయి. మగవాళ్ళ గొలుసులను వాటికి కట్టేవారట. మొదటిసారి చూసినప్పుడు నా పక్కన మా ఆరేళ్ళ పాప ఉంది. "నాన్నా, అవి ఉయ్యాలకా?" అని అడిగింది. మా ఊరి పెంకుటింట్లో దూలానికి ఉన్న ఉయ్యాల కొక్కేలు దానికి గుర్తొచ్చాయి. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

అయితే నది ఇటుపక్క అంతా స్వేచ్ఛే అనుకోవడం కూడా తప్పు. ఒహాయోలో స్థిరపడదలచిన నల్లవారు 500 డాలర్లకు పూచీకత్తు చూపాలని 1807లోనే చట్టం చేశారు. 1829లో ఈ ఊళ్ళోనే తెల్లవారి మూకలు నల్లవారి పేటల మీద పడితే వందలమంది ఊరు విడిచిపోయారు, కొందరు కెనడా దాకా వెళ్ళారు. ట్రాలప్ ఈ ఊళ్ళో కాపురమున్న కాలంలోనే అది జరిగింది. బానిసత్వాన్ని రద్దు చేసిన రాష్ట్రాల్లోనే జాతి ద్వేషం ఎక్కువగా కనబడుతున్నదని తోక్విల్ రాసిన మాట, ఒడ్డుల పోలిక కన్నా విలువైనదని నాకు అనిపిస్తుంది. ఆ మాటను ఎవరూ అంతగా ఉదాహరించరు.

చరిత్రబోధకుడు

మంచి చర్చ. గోదావరిగట్టు గారి అనుమానం ఆరోగ్యకరమైనదే, కానీ యాత్రికుడి దేశం కన్నా అతడికి ఎవరి ఇంట విస్తరి వేశారన్నది ముఖ్యమని ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన అనుభవంతో అంటున్నాను.

భూగర్భ శాస్త్రవేత్త చార్లెస్ లయెల్‌ను తీసుకోండి. రాతి పొరలను చదవడంలో అంతటివాడు లేడు. 1846లో జార్జియాలోని హోప్‌టన్ తోటలో పెద్ద భూస్వామికి అతిథిగా ఉండి, అక్కడి బానిసలు సంతృప్తిగానే కనబడ్డారని రాశాడు. యజమాని చూపిన ఇళ్ళు చూశాడు, యజమాని పక్కన ఉండగా మాట్లాడాడు, రాసినది అబద్ధమని నేను అనను. అతిథికి కనబడేలా ఏర్పాటు చేసిన నిజం అది. తోక్విల్‌కు ఇంకో లోపం ఉంది. తొమ్మిది నెలల పర్యటనలో లోతట్టు దక్షిణాన్ని 1832 జనవరి చలిలో పరుగు పరుగున దాటిపోయాడు. అందుకే కెంటకీ ఒడ్డును చూసి బానిసత్వం యజమానికే నష్టమని తీర్మానించగలిగాడు. ఆ సమయంలోనే మిసిసిపీ, అలబామా పత్తి పొలాలు విపరీతంగా లాభాలు పండిస్తున్నాయి. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధానికి ముందరి దశాబ్దాల్లో ఆ దేశపు ఎగుమతుల విలువలో దాదాపు సగం పత్తిదే. 1808 నుంచి ఆఫ్రికా నుంచి బానిసల దిగుమతి నిషిద్ధం కావడంతో, వర్జీనియా వంటి పాత రాష్ట్రాలు కొత్త పత్తి నేలలకు మనుషులను అమ్ముకొని బతికాయి. సిన్సినాటి మ్యూజియంలోని ఆ కొట్టు ఆ దారిలో ఒక మజిలీ.

ఇక మార్టినో. ఆమెకు చెవుడు, చెవి దగ్గర బాకా పెట్టుకొని వినేది. 1835 ఫిబ్రవరిలో ఆమె మాజీ అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ ఇంట్లో ఉంది. రాజ్యాంగ రచనలో అందరికన్నా ముందు పేరు ఆయనది. కీళ్ళ నొప్పులతో కుర్చీకి అతుక్కుపోయిన ఆ ముసలాయన ఆ బాకాలోకి గంటల తరబడి మాట్లాడాడు. బానిసత్వం చెడ్డదని ఒప్పుకున్నాడు. తన బానిసల్లో మూడోవంతు ఐదేళ్ళలోపు పిల్లలేనని, వాళ్ళను పోషించడానికి మంచి పొలాలు అమ్మేశానని, అయినా చాలక కిందటి వారమే పన్నెండు మందిని అమ్మాల్సి వచ్చిందని చెప్పాడు. దీనికంతటికీ పరిష్కారంగా ఆయన నమ్ముకున్నది నల్లవారిని ఆఫ్రికాకు పంపించేయడం. ఆయనను గౌరవించినంతగా మార్టినో ఆ దేశంలో ఇంకెవరినీ గౌరవించలేదేమో, అయినా ఆ పరిష్కారాన్ని అంతటి మేధావి ఎలా నమ్మాడో తనకు అంతుపట్టలేదని దాపరికం లేకుండా రాసింది. ఆతిథ్యం స్వీకరించి కూడా చూపు మందగించని యాత్రికులు తక్కువ. ఆమె ఒకతె. ఆ ఏడాది చివర బోస్టన్‌లో బానిసత్వ వ్యతిరేక మహిళల సమావేశంలో నాలుగు మాటలు మాట్లాడినందుకు, అంతకుముందు తలుపులు తెరిచిన ఇళ్ళెన్నో ఆమెకు మూసుకుపోయాయి.

కొత్తగాచేరాను

అందరూ యజమానులతో మాట్లాడినట్టే చెబుతున్నారు. బానిసలతో మాట్లాడి, వాళ్ళు చెప్పింది రాసినవారు ఎవరూ లేరా?

పాతపుటలు

అసలు అడగవలసిన ప్రశ్న మీరు అడిగారు, ధన్యవాదాలు.

ఫ్యానీ కెంబుల్ పేరు చెబుతాను. లండన్ రంగస్థలం మీద పేరుపొందిన నటి. 1832లో నాటకాలాడడానికి అమెరికా వచ్చి, 1834లో పియర్స్ బట్లర్ అనే ధనికుణ్ణి పెళ్ళాడింది. 1838 డిసెంబరులో భర్తతో కలిసి జార్జియా తీరంలోని అతని వరి, పత్తి తోటలకు వెళ్ళి, ఆ వసంతం దాకా అక్కడ ఉంది. యాత్రికురాలై వచ్చి యజమానురాలైన మనిషి ఆమె. మిగతావారు దారిలో చూసినదాన్ని ఆమె తన ఇంటి గుమ్మంలో చూసింది. బానిస స్త్రీలు సాయంత్రాలు ఆమె దగ్గరకు వచ్చి తమ బాధ చెప్పుకునేవారు. ఒకరోజు వచ్చినవారి వివరాలను ఆమె దినచర్యలో జాబితాగా రాసుకుంది. ఫ్యానీ: ఆరుగురు పిల్లలు పుట్టారు, ఒకరు తప్ప అందరూ చనిపోయారు, పొలం పని తగ్గించమని అడగడానికి వచ్చింది. నానీ: ముగ్గురు పుట్టారు, ఇద్దరు చనిపోయారు, కాన్పైన మూడు వారాలకే పొలానికి పంపే నియమాన్ని మార్చమని వేడుకోవడానికి వచ్చింది. ఆ జాబితా అలా సాగుతుంది. విశేషణాలు ఉండవు. పేరు, కాన్పులు, చావులు, కోరిక, అంతే.

మూడు వారాలంటే ఇరవై ఒక్క రోజులు. మన ఇళ్ళలో ఇరవై ఒకటో రోజున బాలింతకు తలంటిపోసి, బిడ్డను ఉయ్యాల్లో వేసి, పేరు పెట్టి పాట పాడతారు. అప్పటికింకా చెవుల్లో దూది తీయరు, చన్నీళ్ళు ముట్టనివ్వరు. ఆ రోజున అక్కడ నానీ పార పట్టుకొని బురదలోకి దిగాలి. ఆ పుట చదివాక నేను పుస్తకం మూసి, మా అమ్మకు ఫోన్ చేశాను.

కెంబుల్ ఈ విన్నపాలన్నీ భర్తకు చేరవేసింది. కొన్నాళ్ళకు అతను, ఇకమీదట బానిసల ఫిర్యాదులేవీ నీ నోట వినను అని కచ్చితంగా చెప్పేశాడు. ఆ దంపతులు 1849లో విడాకులు తీసుకున్నారు. దినచర్య 1863లో, అంతర్యుద్ధం మధ్యలో, ఇంగ్లండువారు దక్షిణాది పక్షం వహించకూడదన్న తపనతో ఆమె అచ్చు వేయించింది. ఈలోగా 1859 మార్చిలో అప్పుల పాలైన బట్లర్ తన వాటా బానిసలను సవానా దగ్గర గుర్రప్పందాల మైదానంలో రెండు రోజుల పాటు వేలం వేయించాడు. నాలుగు వందల మందికి పైగా అమ్ముడుపోయారు. ఆనాడు వాన కురుస్తూనే ఉందట.

గోదావరిగట్టు

కెంబుల్ గురించి నాకు తెలియదు, ఆ జాబితా ముందు నా వాదన నిలవదని ఒప్పుకుంటున్నాను. అయినా ఒక సందేహం మిగిలే ఉంది. డికెన్స్ తన పుస్తకంలో బానిసత్వం మీద రాసిన అధ్యాయంలో చాలా భాగం పారిపోయిన బానిసల కోసం యజమానులు ఇచ్చిన పత్రికా ప్రకటనలే, అవి కూడా స్వయంగా ఏరినవి కావు. ఆయన వర్జీనియాలోని రిచ్‌మండ్ దాకా వెళ్ళి, ఇంకా దక్షిణానికి పోకుండా వెనుదిరిగాడు. చూడనిదాన్ని చూసినట్టు రాయడం యాత్రా రచనకు న్యాయమేనా?

చరిత్రబోధకుడు

ప్రకటనల సంగతిలో మీరన్నది నిజమే. థియొడోర్ వెల్డ్, ఆయన భార్య ఏంజెలీనా గ్రిమ్‌కీ, ఆమె అక్క సారా కలిసి దక్షిణాది పత్రికలను వేల సంఖ్యలో తిరగేసి, కత్తిరించి, 1839లో ప్రచురించిన సంకలనం నుంచే డికెన్స్ వాటిని తీసుకున్నాడు, వారి పేరు చెప్పలేదు. అది ఆయన తప్పే. గ్రిమ్‌కీ అక్కచెల్లెళ్ళు దక్షిణ కెరొలినాలో బానిసల యజమానుల ఇంట పుట్టినవారు, చదివే ప్రతి ప్రకటన వెనుక ఏ ఇల్లు ఉంటుందో వారికి తెలుసు.

కానీ ఆ ప్రకటనలకున్న బలం చూడండి. అందులో ఒకటి ఇలా ఉంటుంది: ఒక నల్ల స్త్రీ ఇద్దరు పిల్లలతో పారిపోయింది, పోవడానికి కొన్ని రోజుల ముందు ఆమె ఎడమ చెంప మీద కాల్చిన ఇనుముతో వాత పెట్టాను, ఎం అక్షరం వేయాలని ప్రయత్నించాను. ఇది యజమాని తన పేరుతో డబ్బు కట్టి అచ్చు వేయించుకున్న మాట. ఎవరైనా గుర్తుపట్టి పట్టుకోవాలన్న ఆశతో తాను చేసిన పనిని తానే గుర్తుగా చెప్పుకున్నాడు. పరాయివాడు వచ్చి నిందించాడని దీన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు.

డికెన్స్ కళ్ళారా చూసినదీ ఉంది. వర్జీనియాలో ఆయన ఎక్కిన రైల్లో నల్లవారి పెట్టెలో అప్పుడే అమ్ముడుపోయిన ఒక తల్లి, పిల్లలు ఉన్నారు. తండ్రి పాత యజమాని దగ్గరే ఉండిపోయాడు. దారి పొడవునా పిల్లలు ఏడుస్తూనే ఉన్నారు. కొన్నవాడు అదే రైల్లో ఉన్నాడు. రైలు ఆగిన ప్రతిచోటా దిగి, సరుకు భద్రంగా ఉందో లేదో చూసుకొని మళ్ళీ ఎక్కాడు.

ఒహాయో ఒడ్డు

బయటివారే చూశారనడానికి నాకు ఇంకో అభ్యంతరం ఉంది. బానిసత్వం నుంచి తప్పించుకొని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ తన కథ తానే రాసి 1845లో అచ్చు వేయించాడు. యజమాని మనుషులు పట్టుకుంటారన్న భయంతో ఆ ఏడాదే అట్లాంటిక్ దాటి ఐర్లండ్, ఇంగ్లండులలో ఇరవై నెలల దాకా ఉపన్యాసాలిస్తూ తిరిగాడు. ఈ యాత్రికులంతా పడమటికి వెళ్ళి ఆ దేశాన్ని చూస్తే, అతను తూర్పుకు వెళ్ళి తన దేశాన్ని వెనక్కి తిరిగి చూశాడు. ఏ రైలు పెట్టెలోనైనా, ఏ హోటల్లోనైనా తెల్లవారి పక్కన కూర్చోనిస్తారని అతనికి అక్కడికి వెళ్ళాకే అనుభవమైంది. నన్నడిగితే ఈ వరుసలో మొదటి యాత్రాగ్రంథకర్తగా అతని పేరే రాస్తాను.

అనువాదకురాలు

ఒహాయో ఒడ్డు గారి మాటకు నా ఓటు.

నేను ప్రస్తుతం తోక్విల్ నోటు పుస్తకాల్లోని బాల్టిమోర్ పుటలు తెలుగు చేస్తున్నాను. 1831 శరదృతువులో ఆయన అక్కడి పేదల ఆశ్రమానికి వెళ్ళినప్పుడు మతి చలించిన ఒక నల్ల మనిషిని చూపించారు. ఆ ఊళ్ళో నల్లవారందరినీ హడలగొట్టే బానిస వ్యాపారి ఒకడు ఉండేవాడు. వాడు రాత్రింబగళ్ళు తన వెంటే ఉండి, తన ఒంటి మాంసాన్ని కొంచెం కొంచెంగా పీక్కుపోతున్నాడని ఈ మనిషి భ్రమ. తోక్విల్ గదిలోకి వెళ్ళేసరికి దుప్పటి చుట్టుకొని నేల మీద పడి ఉన్నాడట. దీన్ని ఆయన తన ప్రసిద్ధ గ్రంథంలో వాడుకోలేదు, నోటు పుస్తకంలోనే వదిలేశాడు. ఒడ్డుల పోలిక గ్రంథంలోకి వెళ్ళింది, ఈ మనిషి వెళ్ళలేదు.

పాతపుటలు గారూ, మీరు కెంబుల్ జాబితాను తెలుగు చేస్తే ఇక్కడ పెట్టండి. "కాన్పు", "పురుడు", "బాలింత" అన్న మాటలే వాడండి. "ప్రసవానంతర విశ్రాంతి" అని రాయకండి, నానీ అలా అడిగి ఉండదు.

పాతపుటలు

అలాగేనమ్మా. ఆదివారానికి మొదటి తొమ్మిది పేర్లు పెడతాను.